అతిశీతలంలో పనిచేసే విద్యుత్ వలయాలు

పశువులకు ఎదసూది వేయటానికి మోటారు సైకిలు మీద వచ్చే గోపాలమిత్రను మీరు చూసే ఉంటారు. అతని బండికి ఒక లావుపాటి అల్యూమినియం క్యాను కట్టి ఉంటుంది. మూత తీయగానే తెల్లని పొగ బుస్సున లేచి, క్యాను అంచు మీదుగా కిందికి జారుతుంది. నిజానికి అది పొగ కాదు. గాలిలోని తేమ ఆ చలికి సన్నని నీటి తుంపరగా మారి అలా కనబడుతుంది. క్యానులో ఉన్నది ద్రవ నత్రజని. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 196 డిగ్రీల సెంటీగ్రేడు. మా తుర్కపల్లి చుట్టూ ఉన్న జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల్లో కూడా జీవకణాలను ఏళ్ళ తరబడి నిలవ ఉంచేది ఈ చలిలోనే. అందుచేత మా ఊరి పిల్లలకు ద్రవ నత్రజని అంటే పెద్ద వింతేమీ కాదు.

ఈ మధ్య తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు పత్రికలోంచి ఒక బొమ్మ కత్తిరించి తెచ్చాడు. పెళ్ళిమండపంలో వేలాడే గుత్తిదీపంలాగా బంగారు రంగు పళ్ళేలు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. వాటి మధ్య లెక్కలేనన్ని సన్నని గొట్టాలు. "సార్, ఇది కంప్యూటరంట. దీనికి ద్రవ నత్రజని కూడా వేడిగానే లెక్కంట. నిజమేనా?" అని అడిగాడు.

నిజమే. అది క్వాంటం కంప్యూటరు బొమ్మ. అటువంటి యంత్రం ఒకదానిని గుంటూరు జిల్లాలో నిర్మిస్తున్న రాజధాని అమరావతిలో నెలకొల్పుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలు కలిసి 2025 మే నెలలో ప్రకటించాయి. కాని ఆ బొమ్మలో మనకు కనబడేదానిలో చాలా భాగం కంప్యూటరు కాదు, శీతలయంత్రం. లెక్కలు చేసే అసలు భాగం అట్టడుగు పళ్ళెం కింద బిగించిన ఒక చిన్న పలక. దానిమీది విద్యుత్ వలయాలను ఎక్కువగా అల్యూమినియం, నయోబియం వంటి లోహాలతో తయారు చేస్తారు. వాటిని పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందవ వంతు ఎగువ వరకు చల్లబరుస్తారు. ఇంత చలి ఎందుకు? వలయం కాలిపోకుండానా? కాదు. మన ఇంటి కంప్యూటరులో ఫ్యాను తిరిగే కారణం వేరు, ఇక్కడి కారణం వేరు.

గుంటూరు సూర్యగ్రహణం

ముందుగా చలిని గురించి చెప్పుకుందాం. ఏ పదార్థాన్ని చల్లబరిచినా ఒక హద్దు దాటి కిందికి పోలేము. ఆ హద్దు సున్నాకు దిగువ 273.15 డిగ్రీలు. అక్కడినుంచి లెక్కపెట్టే కొలతను కెల్విన్ అంటారు. ఈ కొలతలో మన గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్, ద్రవ నత్రజని 77 కెల్విన్. ద్రవ హీలియం 4.2 కెల్విన్. మనకు కావలసిన అతిశీతలం మొదలయ్యేది ఈ హీలియం దగ్గరే.

ఈ హీలియం ఆచూకీ తొలిసారి దొరికింది మన తెలుగు నేలమీదినుంచే. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించటానికి ఫ్రాన్సునుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో తన పరికరాలు నిలబెట్టుకున్నాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే అందులో పసుపుపచ్చని గీత ఒకటి కనిపించింది. అది సోడియం గీతే అని చాలామంది అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ జాగ్రత్తగా కొలిచి చూసేసరికి అది సోడియం గీత ఉండవలసిన చోటినుంచి కొంచెం పక్కకు ఉన్నది. భూమిమీద ఎవరూ చూడని మూలకం సూర్యునిలో ఉన్నదన్నమాట! గ్రీకు భాషలో సూర్యుని పేరయిన హీలియోస్ నుంచి దానికి హీలియం అనే పేరు వచ్చింది. భూమిమీద అది రామ్సేకు దొరికింది 1895లో.

హీలియాన్ని ద్రవంగా మార్చినవాడు హాలండులోని లైడెన్ నగరపు ఆచార్యుడు కామర్లింగ్ ఓన్స్. అది 1908లో. మూడేళ్ళ తరువాత ఆయన పాదరసాన్ని ఆ ద్రవంతో చల్లబరుస్తూ దాని విద్యుత్ నిరోధాన్ని కొలుస్తున్నాడు. చల్లబడినకొద్దీ నిరోధం మెల్లగా తగ్గుతూ పోతుందని అందరికీ తెలిసిన విషయమే. కాని 4.2 కెల్విన్ దగ్గర అది ఒక్కసారిగా, గొయ్యిలో పడ్డట్టుగా, మాయమైపోయింది. ఇదే అతివాహకత. అతివాహకపు ఉంగరంలో ఒకసారి విద్యుత్తును తిప్పి వదిలితే అది బ్యాటరీ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. 1960 దశాబ్దంలో చేసిన కొలతల ప్రకారం ఆ ప్రవాహం క్షీణించటానికి లక్ష సంవత్సరాలకు తక్కువ పట్టదు. ఆస్పత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రపు పెద్ద అయస్కాంతం ఇలాగే నడుస్తుంది. దాని తీగచుట్టలో కరెంటు ఎక్కించిన తరువాత బయటి సరఫరా తీసివేస్తారు.

ఒక ప్రశ్న దగ్గర మీరు ఆగాలి. అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గరే అతివాహకమవుతుంది. నయోబియానికైతే 9.2 కెల్విన్ చాలు. నిరోధం లేకుండా చేయటమే పని అయితే అక్కడే ఆగవచ్చు. మరి ఆ గుత్తిదీపం అడుగున 0.015 కెల్విన్ ఎందుకు? దాదాపు 80 రెట్లు ఎక్కువ చలి! దీని జవాబు తెలియాలంటే అతివాహకం లోపల ఏమి జరుగుతున్నదో చూడాలి.

బతుకమ్మ ఆట

మామూలు తీగలో ఎలక్ట్రాన్లు జాతరలో మనుషుల్లాగా పోతాయి. ఎవరి దారి వారిది. దారిలో అడ్డొచ్చినవాటిని గుద్దుకుంటారు, వేడి పుడుతుంది. అదే నిరోధం. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఆ జంటలన్నీ ఒకే లయలో కదులుతాయి. బతుకమ్మ ఆడుతున్న స్త్రీలను చూడండి. వలయమంతా ఒకే చప్పట్లతో, ఒకే అడుగుతో తిరుగుతుంటుంది. మధ్యలో ఒకామె కాలికి చిన్న రాయి తగిలినా ఆట ఆగదు. పక్కవాళ్ళ లయ ఆమెను నడిపించుకు పోతుంది. కాని నలుగురు ఆకతాయిలు జొరబడి బలంగా తోస్తే వలయం తెగిపోతుంది. ఆ తోపులాటే వేడి. కావలసినంత చల్లబరిస్తే తోపులాట తగ్గి, ఆట నిలుస్తుంది. బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు 1957లో ఈ జంటల సిద్ధాంతాన్ని గణితంతో సహా చెప్పారు. 1972లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. పోలిక పోలికే గనుక దీనిని మరీ సాగదీయకండి. లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు ఒకే లయలో ఉంటాయన్న ముక్క గుర్తుంటే చాలు. ఇకముందు వచ్చే ఉపయోగాలన్నీ ఆ లయ మీదే ఆధారపడ్డాయి.

అతివాహకాలతో లెక్కలయంత్రం చేద్దామన్న ఊహ కొత్తదేమీ కాదు. అమెరికాలో డడ్లీ బక్ అనే యువకుడు 1950 దశాబ్దంలోనే టాంటలం తీగ చుట్టూ నయోబియం తీగ చుట్టి ఒక స్విచ్చి తయారుచేశాడు. పై తీగలో కరెంటు పంపితే దాని అయస్కాంత బలానికి లోపలి తీగ అతివాహకతను కోల్పోతుంది. అంటే స్విచ్చి ఆగినట్టు. పాపం, ఆయన 32వ ఏట 1959లోనే చనిపోయాడు. ఆ లోపల ట్రాన్సిస్టరు ముందుకు దూసుకుపోయింది.

అసలు మలుపు 1962లో వచ్చింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిగా ఉన్న బ్రయన్ జోసెఫ్‌సన్ వయసు అప్పటికి 22 ఏళ్ళు. రెండు అతివాహకాల మధ్య అతి పలుచని అవాహకపు పొర పెట్టినా ఎలక్ట్రాన్ జంటలు ఆ పొరగుండా దాటిపోతాయని అతడు లెక్కగట్టి చెప్పాడు. జంటల సిద్ధాంతం చెప్పిన బార్డీన్ అంతటివాడే మొదట దీనిని ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే ప్రయోగం జోసెఫ్‌సన్ పక్షాన నిలిచింది. 1973లో అతనికి నోబెల్ బహుమానం ఇచ్చారు. ఈ అమరికను జోసెఫ్‌సన్ సంధి అంటారు. నేడు దీనిని ఎక్కువగా చేసేది అల్యూమినియంతోనే. మన వంటింట్లో సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నెమీద గాలి తగలగానే ఒక పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది కదా! అదే ఆక్సైడు ఇక్కడ అవాహకం. దాని మందం మీటరులో వందకోట్ల వంతుకు ఒకటి రెండు రెట్లు మాత్రమే.

గుండె చప్పుడు, మెదడు గుసగుస

జోసెఫ్‌సన్ సంధులు రెండింటిని ఒక చిన్న అతివాహకపు ఉంగరంలో ఇమిడిస్తే స్క్విడ్ అనే పరికరం తయారవుతుంది. 1964లో అమెరికాలో ఫోర్డ్ కార్ల సంస్థ పరిశోధనశాలలో దీనిని మొదట చేశారు. (కార్లవాళ్ళకు దీనితో పనేమిటి అనకండి. ఆ రోజుల్లో పెద్ద సంస్థలు ఇటువంటి పరిశోధనలకు కూడా డబ్బు పెట్టేవి.) ఉంగరం రెండు చేతులలోనూ జంటల లయ సమంగా నడుస్తుంటుంది. ఉంగరం మధ్యగా పోయే అయస్కాంత క్షేత్రం కొద్దిగా మారినా ఒక చేతిలో లయ ముందుకు, ఇంకొక చేతిలో వెనక్కు జరుగుతుంది. ఆ తేడా వెంటనే వోల్టేజీగా బయటపడుతుంది.

ఎంత చిన్న క్షేత్రాన్ని ఇది కొలుస్తుందో చూడండి. హైదరాబాదు దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. దిక్సూచి ముల్లును తిప్పేది అదే. మన మెదడులో నరకణాలు పనిచేస్తున్నప్పుడు తలవెలుపల పుట్టే క్షేత్రం అందులో దాదాపు 40 కోట్ల వంతు! గుండె నుంచి వచ్చేది ఇంతకంటే వందల రెట్లు పెద్దదే అయినా, భూమి క్షేత్రం ముందు లక్షల వంతు. 1970 ప్రాంతంలో డేవిడ్ కోహెన్ స్క్విడ్ సాయంతో మొదట గుండెనూ, 1972లో మెదడునూ ఇలా విన్నాడు. నేడు రోగి తలచుట్టూ టోపీలాగా మూడువందల దాకా స్క్విడ్‌లు అమర్చిన యంత్రాలున్నాయి. మూర్ఛరోగం మెదడులో ఏ మూలనుంచి మొదలవుతున్నదో శస్త్రచికిత్సకు ముందే కనిపెట్టటానికి అవి పనికివస్తాయి. తలను కోయనక్కరలేదు, సూది గుచ్చనక్కరలేదు. మద్రాసు దగ్గరి కల్పాక్కంలో ఉన్న ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో మనవాళ్ళు సొంతంగా స్క్విడ్‌లు తయారుచేసి, గుండె, మెదడు క్షేత్రాలను కొలిచే యంత్రాలు నిర్మించారు. ఇవి ద్రవ హీలియంలో, అంటే 4.2 కెల్విన్ దగ్గర పనిచేస్తాయి.

ద్రవ నత్రజనిలోనే పనిచేసే స్క్విడ్‌లు కూడా ఉన్నాయి. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు స్విట్జర్లండులో పింగాణీ వంటి పదార్థాలలో అతివాహకతను కనిపెట్టారు. మరుసటి ఏడాదికే 90 కెల్విన్ దాటిన పదార్థం దొరికింది. గోపాలమిత్ర క్యానులోని ద్రవం దానికి చాలు. ఆస్ట్రేలియావాళ్ళు ఇటువంటి స్క్విడ్‌లను పొలాల మీదికి మోసుకుపోయి భూగర్భంలోని ఖనిజాలను వెతుకుతున్నారు. అయితే ఈ పదార్థాలు పెళుసు. వీటితో సూక్ష్మమైన సంధులను వేలకొద్దీ ఒకే తీరుగా చేయటం కష్టం.

జోసెఫ్‌సన్ సంధికి మరొక గుణం ఉన్నది. దానిమీద మైక్రోవేవ్ తరంగాలు పడితే అది తరంగాల పౌనఃపున్యానికి సరిపోయిన వోల్టేజీని మాత్రమే ఇస్తుంది. సెకనుకు వందకోట్ల కంపనాలకు 2.07 మైక్రోవోల్టులు. ఏ లోహంతో చేసినా, ఏ దేశంలో చేసినా ఇదే అంకె. అందుచేత వోల్టుకు తూకపురాయి ఇదే అయింది. వేలాది సంధులను వరుసగా కలిపి ఒక వోల్టు తెప్పిస్తారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో మన దేశపు వోల్టు ఈ విధంగానే నిలబడి ఉన్నది. మీ బడిలోని వోల్టుమీటరు సరిగా ఉందో లేదో తేల్చే చివరి న్యాయస్థానం అన్నమాట. (మా బడిలో ఉన్న రెండింటికీ ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు.)

ఇక వెలుతురు. అతివాహకపు సన్నని తీగలో కాంతికణం ఒక్కటి పడితే చాలు, ఆ చోట ఎలక్ట్రాన్ జంటలు చెదిరి ఒక క్షణంపాటు నిరోధం పుడుతుంది. ఆ కదలికను లెక్కపెట్టుకోవచ్చు. 2023 డిసెంబరులో అమెరికావారి సైకి అనే అంతరిక్ష నౌక 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరంనుంచి లేజరు కాంతితో 15 సెకన్ల వీడియో ఒకటి భూమికి పంపింది. కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండమీది దూరదర్శినికి బిగించిన ఇటువంటి తీగలే, ఒక కెల్విన్ చలిలో, ఆ కాంతికణాలను ఏరుకున్నాయి. వీడియోలో ఉన్నది ఆడుకుంటున్న ఒక పిల్లి!

ఉయ్యాలకు మెట్లు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 0.015 కెల్విన్ ఎందుకు?

తీగచుట్టను, కెపాసిటరును కలిపితే విద్యుత్తు వాటి మధ్య ఉయ్యాలలా ఊగుతుంది. పాత రేడియోలో స్టేషను మార్చేది ఇటువంటి వలయంతోనే. మామూలు తీగతో చేస్తే ఆ ఉయ్యాల త్వరగా ఆగిపోతుంది. అతివాహకంతో చేస్తే చాలాసేపు ఊగుతుంది. క్వాంటం కంప్యూటరులో వాడే వలయం సెకనుకు సుమారు 500 కోట్ల సార్లు ఊగుతుంది.

మన పెరటిలోని ఉయ్యాలను ఎంత ఎత్తుకైనా ఊపవచ్చు. కాని నిజానికి ప్రకృతిలో ఏ ఉయ్యాలకైనా శక్తి మెట్లు మెట్లుగానే పెరుగుతుంది. పెరటి ఉయ్యాలకు ఆ మెట్లు మరీ చిన్నవి గనుక మనకు కనబడవు. పరమాణువులో అయితే అవి స్పష్టంగా కనబడతాయి. ప్లాంకు, బోరుల పాఠం పై తరగతుల్లో చదువుకుంటారు. చేత్తో చేసిన విద్యుత్ వలయం కూడా పరమాణువులాగా మెట్లమీద నిలుస్తుందా? నిలుస్తుందని 1984, 1985 సంవత్సరాలలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో క్లార్క్, దెవొరే, మార్టినిస్ అనే ముగ్గురు జోసెఫ్‌సన్ సంధి మీద ప్రయోగం చేసి చూపారు. నలభై ఏళ్ళ తరువాత, 2025లో, భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానం వారికి దక్కింది.

అటువంటి వలయంలో అట్టడుగు మెట్టును 0 అనీ, దాని పై మెట్టును 1 అనీ అనుకుందాం. అదే క్యూబిట్. జోసెఫ్‌సన్ సంధి ఉండటం వల్ల మెట్ల ఎత్తులు సమానంగా ఉండవు. కనుక సరైన మైక్రోవేవ్ పంపి వలయాన్ని 0 నుంచి 1కి మాత్రమే ఎక్కించవచ్చు. రెండవ మెట్టుకు దూకదు. ఇంకా విచిత్రం, దానిని 0, 1 రెండింటి మిశ్రమ స్థితిలో నిలపవచ్చు. జపానులో నకమురా బృందం 1999లో దీనిని మొదట చేసి చూపింది. అప్పుడు ఆ స్థితి సెకనులో వందకోట్ల వంతుకు కొన్ని రెట్లే నిలిచింది. నేడు మంచి వలయాలలో సెకనులో పదివేల వంతు, ఆపైన కూడా నిలుస్తున్నది.

ఒక మెట్టు ఎత్తు ఎంత? లెక్క కట్టి చూడండి. సెకనుకు వందకోట్ల కంపనాల మెట్టు 0.048 కెల్విన్ వేడితో సమానం. మన వలయానివి 500 కోట్లు గనుక 0.24 కెల్విన్. అంటే వలయం ఉన్న చోట ఉష్ణోగ్రత 0.24 కెల్విన్ ఉంటే, ఆ వేడి తానే దానిని 0 నుంచి 1కి తోసివేయగలదు. ద్రవ హీలియంలో, అంటే 4 కెల్విన్‌లో పెడితే పదహారు పదిహేడు మెట్లదాకా ఎగిరెగిరి పడుతుంటుంది. గది ఉష్ణోగ్రతలో అయితే వెయ్యికి పైనే. మనం రాసిన 0 ఏదో, వేడి రాసిన 1 ఏదో ఎవరు చెప్పగలరు? పలకమీద అక్షరం రాస్తుంటే పక్కవాడు పలకను ఊపుతూ ఉన్నట్టు!

అందుకని మెట్టు ఎత్తుకంటే వేడి బాగా తక్కువగా ఉండాలి. 0.015 కెల్విన్ దగ్గర మెట్టు ఎత్తు వేడికి 16 రెట్లు. అప్పుడు పొరపాటున పై మెట్టుకు ఎక్కే అవకాశం లెక్క ప్రకారం కోటికి ఒకటి. నిజ ప్రయోగాలలో ఇంతకంటే ఎక్కువే, ఎందుకంటే సంకేతాలు తెచ్చే తీగల వెంబడే పైనుంచి వేడి దొంగలాగా దిగివస్తుంది. ప్రతి పళ్ళెం దగ్గరా ఆ సంకేతాలను బలహీనపరిచి, వేడిని అక్కడే ఆపుతారు. బొమ్మలో కనబడే గొట్టాలూ డబ్బీలూ చాలావరకు ఈ కాపలాదారులే.

అంటే చలికి ఇక్కడ రెండు పనులు. లోహాన్ని అతివాహకంగా మార్చటం మొదటిది, దానికి ఒక కెల్విన్ చాలు. నిశ్శబ్దం కలిగించటం రెండవది. ఖర్చంతా ఈ రెండవదానికే.

కుండ చేసే పనే

ఇంత చలి ఎలా పుడుతుంది? మట్టికుండలో నీళ్ళు చల్లబడటం మీకు తెలుసు. చెమ్మగా ఊరిన నీటిలోని చురుకైన అణువులు ఆవిరై పోతూ తమతో వేడిని తీసుకుపోతాయి. ద్రవ హీలియం మీది ఆవిరిని పంపుతో లాగివేస్తే అదే సూత్రంతో ఒక కెల్విన్ దాకా దిగవచ్చు. హీలియం-3 అనే తేలిక రకాన్ని వాడితే 0.3 దాకా. ఆపైన ఇక ఆవిరయ్యే పరమాణువులే మిగలవు. కుండ ఆరిపోయినట్టే.

1951లో హైంజ్ లండన్ ఒక ఉపాయం చెప్పాడు. శూన్యంలోకి కాక, ద్రవంలోకే ఆవిరి చేస్తే? 0.87 కెల్విన్ కంటే చల్లబరిస్తే హీలియం-3, హీలియం-4 మిశ్రమం నూనె, నీరులాగా రెండు పొరలుగా విడిపోతుంది. తేలికైన హీలియం-3 పైన తేలుతుంది. కింది పొర ముఖ్యంగా హీలియం-4. కాని పరమశూన్యం దగ్గర కూడా అందులో నూటికి ఆరు పాళ్ళకు పైగా హీలియం-3 కలిసి ఉండగలదు. కనుక కింది పొరలోని హీలియం-3ను పంపు వేరేచోటినుంచి లాగుతుంటే పై పొరలోనిది కిందికి దిగుతూ ఉంటుంది. అలా దిగటమే ఆవిరవటం వంటిది. వేడిని పట్టుకుపోతుంది. లాగిన వాయువును మళ్ళీ చల్లబరచి పైకి పంపుతారు. ఒక్క చుక్క బయటికి పోదు. 1960 దశాబ్దపు మధ్యలో లైడెన్‌లోనే ఈ యంత్రం మొదట నడిచింది.

బంగారు పళ్ళేల సంగతి కూడా చెప్పాలి. అవి రాగివి. రాగి వేడిని చక్కగా ప్రసరింపజేస్తుంది. చిలుము పట్టకుండా బంగారు పూత వేస్తారు. పై పళ్ళెం సుమారు 50 కెల్విన్, తరువాతది 4, ఆ తరువాత ఒకటికి దిగువ, 0.1, చివరికి 0.01 ప్రాంతం. అట్టడుగున ఈ యంత్రం తీసివేయగల వేడి కొన్ని పదుల మైక్రోవాట్లు మాత్రమే. దానికోసం బయట కంప్రెసరు కిలోవాట్ల కొద్దీ కరెంటు తింటుంది.

హీలియం-3 దొరకటం మహా కష్టం. మామూలు హీలియంలో అది పదిలక్షలకు ఒకటి రెండు పరమాణువులు కూడా సరిగా ఉండదు. 12.3 సంవత్సరాల అర్ధాయువు ఉన్న ట్రిటియం క్షీణించినప్పుడు పుట్టేదానినే పోగుచేసుకోవాలి. మామూలు హీలియం కోసం కూడా మన దేశం దిగుమతుల మీదే ఆధారపడి ఉన్నది. బుడగల్లో నింపి గాలిలోకి వదిలిన హీలియం చివరికి అంతరిక్షంలోకి పోతుంది, తిరిగిరాదు. పుట్టినరోజు పండుగల్లో దానిని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మన దేశంలో

బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థలో చాలా ఏళ్ళుగా అతివాహక క్యూబిట్లు తయారవుతున్నాయి. ఆ సంస్థ, రక్షణ పరిశోధన సంస్థకు చెందిన పూణే ప్రయోగశాల, టి.సి.ఎస్. కలిసి చేసిన 6 క్యూబిట్ల యంత్రాన్ని పూర్తిగా పరీక్షించినట్టు 2024 ఆగస్టులో తెలిపారు. బెంగుళూరు సంస్థ ఒకటి 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించింది. 2023లో కేంద్ర ప్రభుత్వం 6,000 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అమరావతికి ప్రకటించిన ఐ.బి.ఎం. యంత్రంలో క్యూబిట్లు 156.

ఈ అంకెలు చూసి మోసపోకండి. ఇది మన ఇంటి కంప్యూటరుకు పెద్దన్న కాదు. రేషను కార్డుల లెక్కకూ, పరీక్షల మార్కులకూ పనికిరాదు. కొన్ని రకాల లెక్కలకే దీని విధానం అనువైనది. ఆ లెక్కలలో కూడా ఇప్పటి యంత్రాలలో రెండు క్యూబిట్లను కలిపి చేసే చర్యలు కొన్ని వందలకు ఒకటి తప్పిపోతాయి. బ్యాంకుల రహస్య సంకేతాలను విప్పేస్తుందని పత్రికలు రాస్తుంటాయి. దానికి వందలు కాదు, లక్షల క్యూబిట్లు కావాలని నిపుణుల లెక్క. మందు అణువులో ఎలక్ట్రాన్లు ఎలా అమరుతాయో లెక్కించటం దీనికి తగిన పని. మా ఊరిచుట్టూ మందుల మీద పరిశోధన చేసే రసాయనవేత్తలకు అది నిజంగా కావలసినదే. అయితే క్వాంటం కంప్యూటరు లెక్కమీద తయారై బజారుకు వచ్చిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇటువంటి ఆశ ఒకసారి వమ్మయింది కూడా. జోసెఫ్‌సన్ సంధులతో మామూలు లెక్కలే మహా వేగంగా చేసే కంప్యూటరు కోసం ఇదే ఐ.బి.ఎం. సంస్థ ఏళ్ళ తరబడి కష్టపడి, 1983లో ఆ పనిని మానుకున్నది. సీసం మిశ్రమంతో చేసిన సంధులు చల్లబరచి వేడిచేసిన ప్రతిసారీ దెబ్బతినేవి. ఈలోగా సిలికాన్ చిప్పులు చవకగా, వేగంగా పెరిగిపోయాయి. అయినా ఆ శ్రమ వృథా పోలేదు. సన్నని పొరలు వేయటం, సంధులు చెక్కటం వంటి మెళకువలు తరువాత నయోబియం వలయాలకు అక్కరకు వచ్చాయి. 1985లో మాస్కోలో లిఖరేవ్ బృందం వేరొక పద్ధతి చూపింది. 1999లో ఆ పద్ధతిలో చేసిన ఒక చిన్న వలయం సెకనుకు 77,000 కోట్ల మార్పుల వరకు లెక్కించగలిగింది.

చేసి చూడండి

హీలియం మనకు దొరకదు గాని కుండ సూత్రం దొరుకుతుంది. రెండు ఒకే రకం థర్మామీటర్లు తీసుకోండి. జ్వరం చూసేవి కాదు, ప్రయోగశాలవి. ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను ముందు పది నిమిషాలు ఉంచండి. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో తేడా 10 డిగ్రీలకు మించే అవకాశం ఉన్నది. రెండు అంకెలనూ తేదీతో సహా రాసిపెట్టుకుని, జూలైలో ముసురు పట్టిన రోజున మళ్ళీ చేయండి. తేడా ఎందుకు తగ్గిందో, ఆవిరిని పంపుతో లాగివేయకపోతే హీలియం యంత్రం ఎందుకు చల్లబడదో రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. ఇంకొక లెక్క కూడా వేయండి. సెకనుకు 700 కోట్ల సార్లు ఊగే వలయానికి మెట్టు ఎత్తు ఎన్ని కెల్విన్లు? దానిని అదే 0.015 కెల్విన్‌లో ఉంచితే పై వలయంకంటే నిశ్శబ్దంగా ఉంటుందా, గోలగా ఉంటుందా?